నాలుగో మెట్టు మీద మల్కవ్వ

ఎల్లారెడ్డి,
18 జూన్ 2024, మంగళవారం

దివాకరన్నకు సాయిలత రాసేది,

ఫోన్ ఉండంగ గీ చిట్టి ఏందని నవ్వకు. మా హాస్టల్ మేడమ్ డ్యూటీ అయ్యేదాక మా ఫోన్లు ఆఫీసు బీరువల పెట్టిపిచ్చి తాళమేస్తది. పొద్దుమీకి నా చేతికొచ్చే యాళ్లకు నీ జిరాక్సు దుకాణంల గిరాకి. రెండు మాటలు మాట్లాడంగనే "ఆధార్ రెండు దిక్కుల తియ్యాల్నా?" అని ఎవరినో అడుగుతవ్. గందుకే కాయితం. మన యాకూబు మంగళవారం, శుక్రవారం హాస్టలుకు కోడిగుడ్ల ట్రాలీ తెస్తడు కద, ఆయన చేతుల పెడుతున్న.

ఇక్కడ పని మంచిగనే ఉంది. హాస్టల్ పిల్లల్ని చూసుకునే అదే కాంట్రాక్టు కొలువు, ఊరొక్కటే మారింది. గని ఆదివారం పిల్లల తల్లిదండ్రులొచ్చే దినం. గాంధారి తండాలకెల్లి ఆటోలల్ల దిగుతరు, ఒక్కొక్కరి పేరు రిజిస్టర్ల రాసుకొని లోపటికి పంపాలె. అంటె ఆదివారం నేను కామారెడ్డికి వచ్చుడు ఇగ కుదరదన్నా.

మరి మన ఆట? గదే నా ఫికర్. లాక్‌డౌన్ల నువ్వు ఫోన్ల విదేశపోళ్లు బల్ల సుట్టు కూసోని కథ ఆడుతుంటె చూసి, మనం సుత ఆడుదామన్నవ్. పాచికలు యాడ దొర్కలే. మనల పెంచిన అవ్వ నాకిచ్చిన ఏడు గవ్వలు నేనే పట్టుకొచ్చిన. నువ్వు కథ చెప్పుడు, భూపాల్ బల్లెం వీరన్న అయ్యుడు, యాకూబు తాళాల ఖాసిం అయ్యుడు, నేను దీపాల మల్కవ్వ అయ్యుడు. నాలుగేండ్లయింది. నల్లకోట తలుపు తెరుసుకోవాలంటె తొమ్మిది మెట్లు ఎక్కాలె, మనం ఇంక నాలుగో మెట్టు మీదనే ఉన్నం. ఆడిన ఆదివారానికొకటి ఏసుకుంట డబ్బిల ఇరువై ఎనిమిది చింతగింజలైనయి, నలభై అయితె అయిదో మెట్టు. అయిదో మెట్టెక్కితె మల్కవ్వ దీపం నూనె లేకుండ వెలుగుతది. ఆ దినం కోసం నేనెంత ఎదురుచూస్తున్ననో నీకు ఎరుకే.

నేను చిట్టీలల్ల ఆడుత. మల్కవ్వ ఏం చేస్తదో నేను రాస్త, నువ్వు నా పేరు మీద గవ్వలేసి ఎన్ని వెల్లకిల పడ్డయో రాయి. గవ్వలు నీ కాడనే ఉండనియ్. రెండే మాటలు యాది పెట్టుకో. ఒకటి, మెట్టెక్కితె అందరం ఒక్కసారే ఎక్కాలె, ఒక్కరు కింద ఉండద్దు. రెండు, అవ్వ మాట: పడ్డది పడ్డట్టు చెప్పాలె, అట్ల చెప్పనోళ్ల చేతికి గవ్వలియ్యద్దు.

నీ చెల్లె,
సాయిలత

&nbsp;

కామారెడ్డి,
2 జులై 2024

చెల్లె సాయిలతకు,

నీ చిట్టి బల్ల మీద పెట్టి అందరికి చదివి వినిపిచ్చిన. భూపాల్ "సాయక్క లేకుంటె సప్పగ ఉందిరా" అన్నడు. నువ్వు కూసునే ఎర్ర కుర్చీల ఎవ్వరిని కూసోనియ్యలే, నీ చిట్టినే కూసోబెట్టినం.

ఆట ముచ్చట. నల్లవాగు వంతెన కాడికి వచ్చిన్రు. సగం పలకలు కూలినయి. అవతలి ఒడ్డున కొరివిదయ్యాలు. మల్కవ్వ ముందు నడుస్తదా, ఎనుక నడుస్తదా? రాయి. నీ పేరు మీద మూడు వెల్లకిల పడ్డయి, అంటె దీపం ఆరలేదు గని నూనె సగమే మిగిలింది. ఒక గింజ ఏసిన, ఇరువై తొమ్మిది.

కాయితం ఎనుక దిక్కు చూడకు, ఎవరిదో కులం సర్టిఫికెట్ వంకరొచ్చింది. ఖరాబైన జిరాక్సులన్ని ట్రేల పడేస్త, చిట్టీలు రాసెతందుకు గవే. తెల్లకాయితం ఖర్చు చేసుడెందుకు?

నువ్వు చెప్పిన రెండు మాటలు నాకు యాదికున్నయి. అవ్వ నీకొక్కదానికే చెప్పలే, నా చెవి పిండి మరీ చెప్పింది.

అన్న,
దివాకర్

&nbsp;

ఎల్లారెడ్డి,
20 ఆగస్టు 2024

అన్నా,

నెలన్నర నుంచి ఒక్క చిట్టి లేదు! యాకూబును అడిగితె "అన్నకు మస్తు పనుంది సాయక్కా" అని గుడ్ల ట్రేలు దించుకుంట మొఖం అటు తిప్పుకున్నడు. నాకు కోపమొచ్చింది. తర్వాత పాసుబుక్కుల జిరాక్సుల సీజను కద అని సమాధానపడ్డ.

మల్కవ్వ వంతెన మీద ముందే నడుస్తదని రాసి పంపితి కద. ఏమైంది? నా కంటె ఎక్కువ ఎస్తేరక్కకు తొందరున్నది. ఎస్తేరక్క అంటె మా హాస్టల్ల వంట చేసేటామె. బీడీలు చేసి చేసి చేతి ఏళ్లు వంకర పోయినయని ఈ పనికొచ్చింది. నీ చిట్టీలు ఆమెకు చదివి చెప్తున్న. కులం సర్టిఫికెట్ సుత చదివిన, ఎనుక దిక్కు చదువుడు నాకు అలవాటైంది. ఆమె బియ్యం ఏరుకుంట "ఆ దీపపామె దాటిందా?" అని దినాం అడుగుతది.

ఇంకో మాట. నేను లెక్కేసుకున్న. ఆదివారానికి ఒక గింజ అంటె సెప్టెంబరు దాటేలోపల నలభై నిండాలె. నిండుతయా? భూపాల్ లెక్క నేను దయ్యం సచ్చినప్పుడల్ల మెట్టు కావాలనను. నా మాట ఎప్పుడు ఒకటే. ఎక్కిన మెట్టు మీద కొన్ని దినాలు నిలబడి, ఆ చేతికొచ్చిన విద్యతోని ఏమన్న చెయ్యాలె, అప్పుడే పైదానికి మజా. ఎంటెంటనే ఎక్కితె ఏ మెట్టు యాదికుండదు. గని ఒక్క తీరుగ నిలబెట్టుడు సుత మనిషిని సంపుతది. నాకు ఆ బాధ తెలుసు. ఆరేండ్ల నుంచి కాంట్రాక్టు మీదనే ఉన్న. నా తర్వాత వచ్చినోళ్లు రెగ్యులరైన్రు. నేను ఎక్కేదంటు ఏదన్న ఉన్నదంటె గది మల్కవ్వ మెట్టే.

జల్ది రాయి.

సాయిలత

&nbsp;

కామారెడ్డి,
3 సెప్టెంబరు 2024

నా చెల్లె సాయిలతకు,

మాఫ్ చెయ్. నిజంగనే పనిల పడ్డ.

వంతెన దాటినవ్! నీ పేరు మీద ఆరు వెల్లకిల పడ్డయి. ఆరు! బల్ల కాడ అందరు ఒర్రిన్రు. మల్కవ్వ ముందు నడుస్తుంటె ఆమె దీపం వెలుగుల పలకలు ఒక్కొక్కటి కనపడ్డయి. కొరివిదయ్యాలు ఆ వెలుగుకు కండ్లు మూసుకున్నయి. ఎనుకకెల్లి వీరన్న, ఖాసిం ఆమె అడుగుల అడుగేసుకుంట వచ్చిన్రు. అవతలి ఒడ్డున ఒక గుహ. గుహ గోడల మీద బొమ్మలు గీసున్నయి, ఆ బొమ్మలల్ల ఒక ముసలమ్మ చేతుల మల్కవ్వ దీపమే ఉన్నది. ఎవరా ముసలమ్మ? మల్కవ్వ ఒక్కతే లోపటికి పోయి చూడాలె. మిగిలినోళ్లు బయట కావలున్నరు. ఎస్తేరక్కకు చెప్పు.

గింజల ముచ్చట. నువ్వు చెప్పింది నా మనసుకు మస్తు పట్టింది. ఎక్కిన మెట్టు మీద నిలబడాలె అన్నవు చూడు, నేను బల్ల కాడ అందరికి గదే చెప్పిన. గందుకే అయిదో మెట్టుకు నలభై కాదు, అరవై గింజలు చేసిన. అందరు ఒప్పుకున్నరు. అందరు నాలుగో మెట్టు మీదనే ఉన్నరు, నువ్వు ఒక్కదానివే కాదు. ఫికర్ పడకు.

గుహల ముందుగాల ఏ దిక్కు పోతవో రాయి.

దివాకర్

&nbsp;

ఎల్లారెడ్డి,
22 అక్టోబరు 2024

అన్నా,

అరవై! నా మాటనే తీసుకొని నా నెత్తి మీదనే పెట్టినవ్. సరే, అందరికి అరవై అయితె నాకు సుత అరవయ్యే.

ఈ నడుమ నువ్వు రాసుడు మస్తుగుంటున్నది. గుహ చిట్టీలు మూడు వచ్చినయి, మూడు ఎస్తేరక్క మూడుసార్లు చదివిచ్చుకున్నది. ఆ ముసలమ్మ మల్కవ్వకు ముందటి జన్మ అని ఆమె గట్టిగ చెప్తది.

ఇగో, నవ్వొచ్చే ముచ్చట. దసరా సెలవులకు కామారెడ్డికి వచ్చినప్పుడు ఈ ఆదివారం ఆట లేదన్నవ్ కద, భూపాల్ అత్తగారూరు బిచ్కుంద పోయిండని. సద్దుల బతుకమ్మనాడు భూపాల్ పెండ్లాం కలిసింది. "మా ఇంటాయన ఆదివారం పొద్దంత దివాకరన్న దుకాణంలనే ఉండె, బువ్వకు సుత రాలే" అన్నది. నేను నోరు మూసుకున్న. పెండ్లానికి నీ దుకాణం పేరు చెప్పి యాడ కల్లు తాగుతున్నడో అడుగు. ఆట పేరు ఖరాబ్ చెయ్యద్దని చెప్పు.

ఇంకోటి. మల్కవ్వకు గుహల ఒక్కదానికి బుగులైతుంది. వీరన్నతోని, ఖాసింతోని మాట్లాడి మూడు నెలలాయె. బయట కావలున్నోళ్లు ఒక్కసారన్న లోపటికి తొంగి చూడరా?

సాయిలత

&nbsp;

కామారెడ్డి,
5 నవంబరు 2024

చెల్లెకు,

భూపాల్‌ను అడిగిన. తల దించుకున్నడు. ఇగ ఆ ముచ్చట ఆయన పెండ్లాం కాడ తియ్యకు, ఇంట్ల లొల్లయితది.

వీరన్న లోపటికి తొంగి చూసి "మల్కవ్వా, పైలం" అని కేకేసిండు. ఖాసిం ఒక తాళంచెవి విసిరిండు. దాంతోని ఏం తెరుస్తవో నీ ఇష్టం. నీ పేరు మీద అయిదు వెల్లకిల. గింజలు నలభై నాలుగు.

పాణం మంచిగ చూసుకో.

దివాకర్

&nbsp;

ఎల్లారెడ్డి,
28 జనవరి 2025

దివాకరన్నా,

ఈ ఏడు సుత లిస్టుల నా పేరు లేదు. రెగ్యులర్ చేసిన్రు, నలుగురిని. ఇద్దరు నా చేతి కింద పని నేర్సుకున్నోళ్లు. మిఠాయి తెచ్చి పంచితె తిన్న. బాత్రూంల పోయి ఏడ్సిన. ఎస్తేరక్క తప్ప ఎవ్వరు చూడలే.

ఆమెనే అన్నది, "నీ అన్నకు రాయి, ఆ దీపమన్న నూనె లేకుండ వెలగనియ్" అని. గందుకే రాస్తున్న. నేను ఎప్పుడు అడగలే. ఇప్పుడు అడుగుతున్న. నా లెక్క ప్రకారం యాభై ఆరు గింజలున్నయి, ఇంక నాలుగు. నాకు ఉత్తగ మెట్టియ్యకు, అందరితోని సమానంగ ఇయ్యి. ఎప్పుడెక్కుతమో ఒక్క తారీఖు చెప్పు. ఆ ఆదివారం సెలవు పెట్టి వస్త. నా కుర్చీల కూసోని, నా చేతులతోని గవ్వలేస్త.

ఇది ఆటనే అని నాకు ఎరుకనే. నవ్వకు.

సాయిలత

&nbsp;

కామారెడ్డి,
4 మార్చి 2025

చెల్లెకు,

నీ చిట్టి చదివి మనసు పాడైంది. కొలువు ముచ్చట దేవుడు చూస్తడు.

నువ్వు మాత్రం ఇప్పుడే రాకు. డబ్బిల ఎలుక పడ్డది. పది గింజలు పోయినయి. అందరియి పోయినయి. భూపాల్ మొన్న ఆదివారం గింజల కోసం నాతోని కొట్లాట సుత పెట్టుకున్నడు. ఎండకాలం దాక ఓపిక పట్టు. మల్కవ్వ తాళం తీసిన గదిల ఏమున్నదో వచ్చే చిట్టిల రాస్త, దుకాణంల జనమున్నరు.

దివాకర్

&nbsp;

ఎల్లారెడ్డి,
7 మార్చి 2025

దివాకర్‌కు,

అన్న అని రాయలే, చూసినవా? చెయ్యి రాలే.

నీ చిట్టి ఎనుక దిక్కు చూసిన. నేను ఎప్పుడు చూస్తనని నీకు రాసే ఉన్న. ఈసారి కులం సర్టిఫికెట్ కాదు, పాసుబుక్కు కాదు. వంకరగ వచ్చిన జిరాక్సు, నీ దస్తూరి. పైన పెద్ద అక్షరాలతోని "నల్లకోట గెలిచిన దినం, 16 ఫిబ్రవరి" అని ఉన్నది. కింద పేర్లు. భూపాల్, తొమ్మిదో మెట్టు. యాకూబు, తొమ్మిదో మెట్టు, మల్కవ్వ దీపం ఇతని కాడ. రాజశ్రీ, తొమ్మిదో మెట్టు. ఆఖరుకు నా పేరు, మీద గీత కొట్టి. "నాలుగో మెట్టు. వంతెన కాడ పడి పోయింది. 11 ఆగస్టు."

ఆగస్టు! ఆగస్టు నుంచి నేను ఎవరితోని ఆడుతున్న?

పొద్దుగాల యాకూబు గుడ్లు దించుతుంటె ఈ కాయితం ఆయన ముందట పెట్టిన. గోడకు ఆనుకొని కూసున్నడు. అంతా చెప్పిండు. రాజశ్రీ అంటె నీ దుకాణం పక్క టైలరట. నా కుర్చీల కూసుంటదట, జులై నుంచే. భూపాల్‌కు దుబాయి వీసా వస్తదని తెలిసి, ఆయన పోయేలోపల కథ కొసదాక ఒడగొట్టాల్నని అందరు అనుకున్నరట. ఫిబ్రవరి ఇరువైకే ఆయన పోయిండట. మరి మొన్న ఆదివారం నీతోని గింజల కోసం కొట్లాడిందెవరు? దుబాయి నుంచి ఎగిరొచ్చిండా? సిగ్గన్న లేకపాయె. చింతగింజలు కొరికే ఎలుకను సుత నాకు సృష్టించినవ్.

అందరం ఒక్కసారే ఎక్కాలన్న మాట తప్పద్దని, ఎక్కలేని మనిషినే తీసేసిన్రు. మాట ఉన్నది, నేను లేను. ఏం తెలివి! నన్ను సంపినా నేను ఓర్సుకుందు, గది ఆటనే. ఒక్క ముక్క "చెల్లె, నువ్వు లేకుండ ముందుకు పోతున్నం" అని రాస్తె నాలుగు దినాలు ఏడ్సి ఊకుందు. నువ్వు గట్ల చెయ్యలే. సచ్చినదాన్ని బతికున్నదని నమ్మిచ్చి, లేని గుహల ఒక్కదాన్ని కూసోబెట్టినవ్. ఆరు పడ్డయన్నవ్, నేను హాస్టలంత చెప్పుకున్న. అయిదు పడ్డయన్నవ్, ఆ దినం ఎస్తేరక్క పరమాన్నం చేసింది. పడలేదు గద? ఒక్క గవ్వ సుత ఏసినవా నా పేరు మీద? నా మాటనే, మెట్టు మీద నిలబడాలె అన్న నా మాటనే, నన్ను తొక్కిపెట్టెతందుకు వాడుకున్నవ్. మీరేమో ఎగబడి ఎక్కితిరి.

కొలువుల నన్ను కింద ఉంచినోళ్లు పరాయోళ్లు. నువ్వు నా బాబాయి కొడుకువు. ఒక్క అవ్వ ఒళ్లె పెరిగినోళ్లం.

ఇంకోటి విను. ఇందాక ఎస్తేరక్క అడిగింది, గదిల ఏముందట అని. నీ ఇజ్జత్ పోతదని "ముసలమ్మ దొరికింది, మల్కవ్వకు మెట్టు దొరికింది" అన్న. ఆమె రెండు చేతులెత్తి మొక్కింది. నీ అబద్ధానికి నాతోని సుత ఒక అబద్ధం ఆడిపిచ్చినవ్.

నా గవ్వలు నాకు పంపు. ఏడు. యాకూబు మంగళవారం వస్తడు. ఫోన్ చెయ్యకు, ఎత్తను.

సాయిలత

&nbsp;

కామారెడ్డి,
11 మార్చి 2025

చెల్లె,

ఈసారి తెల్లకాయితం మీద రాస్తున్న. రెండు దిక్కుల ఏం లేదు.

నువ్వన్నయన్ని నిజమే. ఎందుకు చేసిన అంటె చెప్తెనే చిన్నతనమైతది, గని చెప్పాలె. భూపాల్ వీసా ముచ్చట జులైల తెలిసింది. "నాలుగేండ్లల్ల నాలుగు మెట్లు, తొమ్మిది నేను ముసలోన్నయ్యేదాక ఎక్కను, మల్ల ఎప్పుడొస్తనో" అన్నడు. ఆయన తప్పేం లేదు. గింజలు ఒక్కొక్కటి వేసుడు బంద్ చేసి పిడికెడు పిడికెడు వేసిన. మెట్టెక్కిన వారానికే మల్ల మెట్టు. ఏ మెట్టు ఎవ్వరికి యాదికి లేదు, నువ్వన్నట్టే అయింది. నల్లకోట తలుపు తెరిచిననాడు అయిదు నిమిషాలు నవ్వి ఎవరింటికి వాళ్లు పోయిన్రు.

నీకు రాద్దామని నాలుగుసార్లు కూసున్న. నువ్వు ఆ ఎస్తేరక్క ముచ్చట రాసినవ్, నువ్వు ఎక్కేది గీ మెట్టొక్కటే అని రాసినవ్. అది చదివినంక చెప్పే ధైర్యం పోయింది. ఒక్క చిట్టి అబద్ధం రాద్దామనుకున్న. రెండోది దాన్ని నిలబెట్టెతందుకు రాసిన. ఇగ ఆగలే. నమ్ముతవో లేదో, ఆ గుహ కథ నేను బల్ల కాడ చెప్పినదాని కంటె మంచిగ చెప్పిన. వారం పొద్దంత నీ గుహనే నా మనసుల ఉండేది.

ఇంకోటి ఉన్నది. ఇది భూపాల్‌కు తెల్వది, యాకూబుకు తెల్వది. ఆగస్టు పదకొండునాడు వంతెన మీద నీ పేరు మీద గవ్వలేసిన. బల్ల అవతలికి తిరిగి, నా అరచేతి మరుగుల ఏసిన. ఆరు వెల్లకిల పడ్డయి. నువ్వు దాటినవ్ చెల్లె. నేను గవ్వలు మూసి, రెండే పడ్డయి, పోయిందని చెప్పిన. నువ్వు బతికితె ప్రతిసారి నీ చిట్టికి ఆగాలె, నిన్ను ఇడిసి మెట్టెక్కనియ్యదు కద మన మాట. అవ్వ చెవి పిండి చెప్పిన మాట నేను తప్పిన, నీ ఒక్కదాని కాడ కాదు, అందరి కాడ.

గవ్వలు పంపుతున్న. ఆరే ఉన్నయి. అంచు పగిలినది నా కాడ ఉంచుకున్న. దాని కోసమన్న నువ్వు నా దుకాణం మెట్టెక్కుతవని ఆశ. వచ్చి నాలుగు తిట్లు తిట్టి తీసుకపో.

దివాకర్

&nbsp;

ఎల్లారెడ్డి,
18 మార్చి 2025

అన్నా,

ఆరు గవ్వలు ముట్టినయి. యాకూబు చేతుల పెట్టి రెండు చేతులు జోడిచ్చి నిలబడ్డడు. చాయ్ పోసిన. తాగిండు. మల్కవ్వ దీపం తన కాడ ఉన్నదని, ఇచ్చేస్తనని పోయేటప్పుడన్నడు. ఎట్ల ఇస్తడు, కాయితం మీద రాసిన దీపం?

ఎస్తేరక్కకు నిజం చెప్పిన. నిన్న నన్ను పిలువకుండ ఒక్కతే బియ్యం ఏరుకున్నది. ఇయ్యాల పప్పు తాలింపు పెట్టుకుంట "నాకు సుత నేర్పు ఆ ఆట" అన్నది. ఆరు గవ్వలతోని మొదలుపెట్టినం. ఇద్దరం మొదటి మెట్టు మీదనే ఉన్నం. గింజలు ఆమెనే ఏస్తది, చింతపండు పిసికినప్పుడల్ల ఒకటి. ఎవరు ఎప్పుడెక్కుతమో తొందర లేదు.

నీ చిట్టి మస్తుసార్లు చదివిన. ఆగస్టునాడు ఆరు పడ్డయని రాసినవ్ చూడు, ఆ ముక్క కాడనే ఆగుతున్న. ఆరు పడ్డయని నువ్వు సెప్టెంబరుల సుత రాసినవ్. అప్పుడు నేను నమ్మి ఎగిరిన. గిప్పుడు అదే ఆరు మల్ల రాసినవ్. నిజంగ పడ్డయా, నా కోపం దించెతందుకు అల్లినవా? మల్కవ్వ దాటిందా, దాటలేదా? లోకంల ఆ సంగతి తెలిసింది నీ ఒక్కనికే. నిన్ను అడుగుదామంటె నువ్వు చెప్పేది నాకు పనికిరాదాయె. నువ్వు నా కాడ తీసుకపోయింది గదన్నా, మెట్టు కాదు.

ఆ పగిలిన గవ్వ కోసం నేను రాను. నీ కాడనే ఉండనియ్. దుకాణంల గిరాకి లేనప్పుడు మల్కవ్వ పేరు మీద దాన్ని ఒక్కసారి ఏసి చూడు. వెల్లకిల పడితె ఆమె వంతెన దాటినట్టు, బోర్ల పడితె లేదు.

ఏం పడ్డదో నాకు రాయకు. నువ్వు నిజమే రాస్తవ్ కావచ్చు. నాకెట్ల తెలుస్తది?

సాయిలత